పక్క పడవే మొదటి దిక్కు

షోలాపూర్ తూర్పు భాగంలో, అశోక్ చౌక్ చుట్టూ ఉన్న సందుల్లో పొద్దస్తమానం వినిపించేది మగ్గాల చప్పుడు. చాదర్లు, టెర్రీ టవళ్ళు నేసే పవర్‌లూములు ఒక పక్క, ఆడవాళ్ళు గడపలో కూర్చొని బీడీలు చుట్టే ఇళ్ళు ఇంకో పక్క. ముంబై సముద్రం ఇక్కడికి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. అయినా ఈ పేట జనం ఏడాదిలో ఎన్నోసార్లు నీటి అంచుకు చేరుతూనే ఉంటారు. వినాయక నిమజ్జనానికి చెరువుకు, ఏకాదశికి పండరిపురం చంద్రభాగకు, దత్త క్షేత్రమని కృష్ణా నది మధ్యనున్న కురువాపురానికి, పిల్లల సెలవుల్లో ముంబై ఎలిఫెంటాకు, తెలుగు నేల మీది చుట్టాలను చూడబోయినప్పుడు పాపికొండలకు.

నది పక్కన పుట్టినవాళ్ళకు నీటి భయమూ నీటి తెలివీ చిన్ననాడే అబ్బుతాయి. మగ్గం పక్కన పుట్టినవాళ్ళు ఆ రెండూ నేర్చుకొని మరీ పడవెక్కాలి. నీటిలో చిక్కుకున్నవాళ్ళను ఎవరు కాపాడారు, కాపాడలేకపోయినచోట ఏం తక్కువైంది అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవడం మనకు అందుకే అవసరం.

చెరువుల ఊరు, పుట్టీల నది

షోలాపూర్ చరిత్రే చెరువుతో మొదలవుతుంది. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడి కాలపు శరణుడు సిద్ధరామేశ్వరుడు తవ్వించాడని చెప్పే చెరువు నేటికీ ఊరి నడిబొడ్డున ఉంది. బ్రిటిష్ హయాంలో 1871 నాటికి ఏక్రుఖ్ చెరువు వచ్చింది, మనం హిప్పర్గా చెరువు అనేది దాన్నే. అదే ఏడాది షోలాపూర్ మీదుగా వెళ్ళే బొంబాయి రైలుమార్గం రాయచూరు చేరి మద్రాసు లైనుతో కలిసింది. ఆ తర్వాత బట్టల మిల్లులు వెలిశాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పద్మశాలీలు తరతరాలుగా పొట్ట చేతపట్టుకొని వచ్చి ఈ తూర్పు భాగాన్ని తెలుగు పేటగా మార్చారు.

వాళ్ళు వదిలి వచ్చిన పాలమూరు వైపు కృష్ణ దాటాలంటే పుట్టే దిక్కు. వెదురు బద్దలతో గంపలా గుండ్రంగా అల్లి, అడుగున వెనుకటి రోజుల్లో తోలు బిగించేవారు, తర్వాతి కాలంలో తారు పూసిన పట్టా వేశారు. దానికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు ఒక్క క్షణం ఆగితే సుడిలో గిర్రున తిరుగుతుంది. అందుకే పుట్టిలో ఎక్కినవాళ్ళు అడుగున చుట్టూ సమంగా కూర్చోవాలి, నది మధ్యలో ఎవరూ లేవకూడదు, ఎంతమంది ఎక్కాలో పుట్టి నడిపేవాడే చెప్పాలి. ఇవి ఏ చట్టంలోనూ రాయని నియమాలు. వరద రోజుల్లో వీటికి కూడా లొంగదు నది. 2020 ఆగస్టులో కురువాపురం దగ్గర, ఉధృతంగా పారుతున్న కృష్ణలో పుట్టి మునిగి నలుగురు కొట్టుకుపోయారు. మిగతావాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. పోటు మీదున్న నదిని దాటకపోవడమే అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త.

ఒకే పున్నమి, రెండు వృత్తులు

ఆ జాగ్రత్తను పండుగగా మలుచుకున్నవాళ్ళు కొంకణ తీరపు జాలర్లైన కోలీలు. శ్రావణ పౌర్ణమి నాడు, మనం నూలు పున్నమి అనే రోజున, షోలాపూర్ తూర్పు భాగంలో మార్కండేయ మహర్షి రథం కదులుతుంది. పద్మశాలి ఇంటిల్లిపాదీ ఆ రోజు వీధిలోనే ఉంటారు. అదే రోజు సముద్రపు ఒడ్డున కోలీలకు నారళీ పౌర్ణిమ. సముద్రుడికి కొబ్బరికాయ సమర్పించి, వానాకాలమంతా ఒడ్డున పెట్టిన పడవలను మళ్ళీ నీటిలోకి దింపుతారు. నైరుతి రుతుపవనం చెలరేగే నెలల్లో వేట మానెయ్యడం వాళ్ళ పెద్దల కట్టుబాటు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇప్పుడు పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా ప్రభుత్వమే వేట నిషేధిస్తోంది.

నీటితోనే బతికేవాళ్ళు ఏడాదిలో కొన్ని నెలలు నీటికి దూరంగా ఉంటే, సెలవు దొరికిందని ఒక్కపూటకు వెళ్ళే మనం వాననూ గాలినీ లెక్కచేయకుండా పడవెక్కుతాం. తేడా అక్కడే ఉంది.

ప్రమాదం ముందు, చట్టం వెనుక

నీటి మీది చట్టాలు చాలావరకు ప్రాణాలు పోయాకే పుట్టాయి. మితిమీరిన సరుకుతో ఓడలు మునిగిపోతుంటే శామ్యూల్ ప్లిమ్సోల్ పోరాడగా, 1876లో ఇంగ్లండ్‌లో ఓడ పక్కన బరువు గీత తప్పనిసరి అయింది. ఆ గీత నీళ్ళలో మునిగితే బరువు ఎక్కువైనట్టే. 1912లో టైటానిక్ మునిగాకే, ఓడలో ఎంతమంది ఉంటే అంతమందికీ ప్రాణరక్షక పడవల్లో చోటుండాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1914లో కుదిరింది.

మన మహారాష్ట్రకు 1947 జూలై 17 మరపురానిది. స్వాతంత్ర్యానికి నెల కూడా లేదు. బొంబాయి నుంచి రేవస్ వెళ్ళే రామదాస్ అనే స్టీమరు క్రిక్కిరిసిన జనంతో పొద్దున్నే బయల్దేరి గాలివానలో బోల్తా పడింది. ఆరు వందల మందికి పైగా పోయారు. ఓడలో వైర్‌లెస్ లేదు. నగరానికి కబురు అందేసరికి గంటలు గడిచిపోయాయి. ఆ లోపల దక్కిన ప్రాణాలు ఈదగలిగినవాళ్ళవి, రేవస్ జాలర్ల చేతికి అందినవాళ్ళవి. మునిగేవాళ్ళకు కబురు పంపే సాధనం లేకపోతే ఎంత పెద్ద రేవు ఉన్నా లాభం లేదని తేలింది.

దేశంలో నదుల మీది పడవలకు 1917 నాటి చట్టమే వందేళ్ళకు పైగా నడిచింది. దాని స్థానంలో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. పడవల భద్రతపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ 2024 జనవరి 18న వడోదర హర్ణీ చెరువులో విహారానికి వచ్చిన బడిపిల్లల పడవ బోల్తా పడి పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. పట్టేదానికంటే ఎక్కువమంది ఎక్కారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. అది నది కాదు, సముద్రమూ కాదు. మన ఊళ్ళో ఉన్నటువంటి చెరువే.

గోదావరి చెప్పిన పాఠం

తెలుగువాళ్ళ గుండెలో దిగిన గాయం కచ్చులూరు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పర్యాటక పడవ బోల్తా, 2018 మే 15న మంటూరు దగ్గర గోదావరిలో లాంచీ మునక, ఆ రెండూ చాలనట్టు 2019 సెప్టెంబరు 15. పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటులో 77 మంది ఉన్నారు. గోదావరి వరద మీద ఉంది. కచ్చులూరు మలుపులో సుడులు తిరిగే చోట బోటు తిరగబడింది. ఉక్కపోతకు కొందరు జాకెట్లు తీసేశారని బతికి బయటపడ్డవారు చెప్పారు.

26 మంది దక్కారు. వాళ్ళను దక్కించినవాళ్ళు ఒడ్డున ఉన్న ఊళ్ళ గిరిజనులు. కేకలు విని, చేతికందిన చిన్న చిన్న పడవలు తీసి, ఆ సుడుల్లోకే తెడ్డేసుకుంటూ వెళ్ళారు. వాళ్ళకు శిక్షణ లేదు, ఒంటి మీద జాకెట్ లేదు. నది నాడి తెలుసు, మనిషి మీద దయ ఉంది, అంతే. మునిగిన బోటును వెలికి తీయడానికి ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళతో శ్రమించి అక్టోబరు 22న గట్టుకు చేర్చింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోట్ల రాకపోకలను కనిపెట్టడానికి నదుల వెంట కంట్రోల్ రూములు పెట్టింది. మంచి పనే. కానీ ఆ 26 ప్రాణాలు నిలిచింది మాత్రం పక్క ఊరి పడవల వల్ల.

మన జిల్లాలో

భీమా నది మీద 1980లో ఉజనీ ఆనకట్ట పూర్తయ్యాక షోలాపూర్‌కు తాగునీరు, పొలాలకు సాగునీరు దక్కాయి. మునిగిన ఊళ్ళ మధ్య మాత్రం కొత్త సముద్రం పుట్టింది. నిన్నటిదాకా నడిచి వెళ్ళిన పక్క ఊరికి రోడ్డున పోవాలంటే చుట్టు తిరగాలి, అందుకే పడవ. 2024 మే 21 సాయంత్రం కర్మాళా తాలూకా కూగావ్ నుంచి అవతలి కళాశీకి వెళ్తున్న పడవ ఈదురుగాలికి తలకిందులైంది. ఎక్కినవాళ్ళు ఏడుగురు. ఒక్కరు ఈదుకుంటూ గట్టెక్కి కబురు చెప్పారు. మిగతా ఆరుగురూ పోయారు, అందులో ఇద్దరు పసివాళ్ళు. వేసవి చివర సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివాన లేస్తుందని ఆ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. అవసరం ఆ మాటను పక్కకు నెట్టింది.

2025 సెప్టెంబరులో సీనా నది ఊళ్ళ మీదికి వచ్చింది. మాఢా, మోహోళ్ వైపు ఇళ్ళపైకి చేరినవాళ్ళను జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) రబ్బరు పడవల్లో తెచ్చింది. ఆ దళానికి చేతులెత్తి మొక్కాలి. అయితే ఒక లెక్క మరవకూడదు. ఎన్డీఆర్ఎఫ్ ఐదో బెటాలియన్ ఉండేది పుణె దగ్గర. పుణె నుంచి షోలాపూర్ 250 కిలోమీటర్లు. ఊపిరాడని మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నిమిషాలకూ ఈ కిలోమీటర్లకూ మధ్య ఉన్న దూరాన్ని పూడ్చగలిగేది పక్కనున్నవాళ్ళే.

2018 కేరళ వరదల్లో వందల పడవలను లారీలకెత్తుకొని వచ్చి వేలాదిమందిని ఒడ్డుకు చేర్చింది మత్స్యకారులు. ఆడవాళ్ళు పడవ ఎక్కలేకపోతుంటే ఒక జాలరి నీళ్ళలో మోకరిల్లి తన వీపునే మెట్టుగా ఇచ్చాడు. 2024 డిసెంబరు 18న ముంబైలో ఎలిఫెంటా వెళ్తున్న నీల్‌కమల్ ఫెర్రీని నౌకాదళపు స్పీడ్‌బోటు ఢీకొన్నప్పుడూ దగ్గర్లోని పైలట్ పడవే పరుగున వచ్చి యాభై మందికి పైగా పైకి లాగింది. అక్కడ 15 మంది పోయారు. ఆ పడవ ఆ పక్కన లేకపోతే ఆ సంఖ్య ఎంతకు పోయేదో.

మనం చేయాల్సింది

పడుగులో పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి, అతికాకే మళ్ళీ నడిపినట్టు, పడవ దగ్గర ఒక్క లోటు కనిపించినా ప్రయాణం ఆపాలి. తలకొక జాకెట్ లేదా? ఎక్కకండి. ఎంతమంది పడతారో రాసిన పలక లేదా? అడగండి. మబ్బు కమ్మిందా? ఆగండి. ఏ రేవు నుంచి వెళ్తున్నాం, ఎన్నింటికి తిరిగొస్తాం అని ఇంట్లో ఒకరికి చెప్పి బయల్దేరండి. ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి. ఆపదలో 112కు చెయ్యండి.

జాకెట్ భుజాన తగిలించుకుంటే చాలదు. నడుము పట్టీ బిగించి, భుజాల దగ్గర పట్టుకొని ఎవరైనా పైకి లాగినప్పుడు అది చెవుల దాకా వస్తే, నీళ్ళలో పడగానే ముఖానికి అడ్డం వస్తుందని అర్థం. ఇంకా బిగించాలి. పడవ ఆగిపోతే కంగారుపడి ఈదడానికి దూకకండి. లంగరు వేసి, కూర్చొని, రెండు చేతులూ పైకెత్తి ఊపండి, ఈల వెయ్యండి. బోల్తా పడినా తేలుతున్న పడవనే పట్టుకోండి. ఒడ్డు కళ్ళకు కనిపించేదానికంటే దూరం.

కాపాడబోయేవాళ్ళు మొదట గట్టు మీదే ఉండాలి. బోర్లా పడుకొని కర్రో తెడ్డో అందించండి. అందకపోతే తాడు కట్టిన ఖాళీ నీళ్ళ క్యాన్ విసరండి. తాడు లేకపోతే షోలాపురి చాదరో చీరో మెలిపెట్టి కొస అందించండి. పడవలో వెళ్తే మనిషి దగ్గరికి రాగానే ఇంజన్ ఆపండి, పక్క నుంచి కాకుండా వెనక నుంచి పైకి తీయండి, లేకపోతే మీ పడవే ఒరుగుతుంది. ఈత వచ్చినంత మాత్రాన ఒట్టి చేతులతో నీళ్ళలోకి దూకితే, మునిగేవాడు పట్టుకొని లోపలికి లాగేస్తాడు. అలా ఒకరి కోసం వెళ్ళి ఇద్దరు పోయిన ఇళ్ళు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి.

అశోక్ చౌక్‌లోనూ సాఖర్‌పేటలోనూ ప్రతి గణేశ్ మండలి డోళ్ళకూ దీపాలకూ పోగుచేసే చందాలో కొంత తీసి ఒక పొడుగాటి తాడు, కొన్ని మంచి జాకెట్లు కొనాలి. నిమజ్జనం నాడు ఇద్దరు కుర్రాళ్ళు గట్టు మీద ఆ పని మీదే ఉండాలి. ఛాతీ నొక్కి, నోటితో ఊపిరి పోయడం నేర్పే ఒక ఆదివారపు తరగతి మన సంఘాలు పెట్టగలవు. యాత్రా బస్సు మాట్లాడే పెద్దలు బస్సు బ్రేకుల గురించి అడిగినట్టే పడవ జాకెట్ల గురించీ అడగాలి. తరాల క్రితం ఊరుకాని ఊరికొచ్చి ఒకరికొకరు తోడై గుడి కట్టుకున్నాం, బడి పెట్టుకున్నాం, సంఘం నిలబెట్టుకున్నాం. ఒక తాడు కొనడం, దాన్ని సమయానికి విసరడం నేర్చుకోవడం మనకు అసాధ్యం కాదు. ఈ ఏడాది వినాయక చవితి చందా రసీదు పుస్తకం తెరిచినప్పుడే మొదలుపెడదాం.