ఇసుకలో దిద్దిన అక్షరములు

మన యిండ్లలోని చిన్నవారు ఒకటవ తరగతిలో చేరి బడికి పోవుచున్నారు. అక్కడ వారేమి నేర్చుకొందురు? అక్షరములు, గుణింతములు, చిన్న మాటలు, అంకెలు, కొద్దిపాటి కూడికలు, తీసివేతలు. ఇది అల్పమైన సంగతియని తోచవచ్చును. అయితే ఈ మొదటి చదువునకు గొప్ప చరిత్ర కలదు.

1822లో మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో, జిల్లాలలో బడులెన్ని, చదువు పిల్లలెందరు అని కలెక్టర్లను అడిగెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో వివరముగా జవాబు వ్రాసెను. నేటి అనంతపురము అప్పుడు ఆ జిల్లాలోనిదే. కనుక ఆ జవాబులో మన వీధిబడి కన్నులకు కట్టినట్లు కనబడుచున్నది.

పిల్లవానికి అయిదేండ్లు రాగానే బడిలో వేసెడివారు. ఉదయము ఆరు గంటలకే బడి మొదలు. అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో గౌరవార్థముగా సరస్వతి పేరు వ్రాసెడివారు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ వెనుకవారికి వరుసగా హెచ్చు. చదువు నోటితో గాక వ్రేలితో ఆరంభమయ్యెడిది. నేలమీది ఇసుకలో అక్షరమును దిద్ది దిద్ది, చేయి తిరిగిన పిమ్మటనే తాటియాకుమీద గంటము పట్టనిచ్చెడివారు. తరువాత మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు. పిదప అంకెలు, నూటివరకు లెక్కింపు. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పెడివారు. అందువలన నేర్పువాని పాఠము కూడ గట్టిపడెడిది.

ఈ పద్ధతి మన దేశముననే నిలిచిపోలేదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల పిల్లల అనాథశాలకు అధికారియైన పాదిరి ఆండ్రూ బెల్, వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన శాలలోను అట్లే నేర్పింపగోరెను. ఉపాధ్యాయులు ఇష్టపడలేదు. అప్పుడాయన ఎనిమిదేండ్ల బాలుడైన జాన్ ఫ్రిస్కెన్‌చేత అక్షరముల తరగతికి పాఠము చెప్పించెను. 1796లో స్వదేశము చేరి, మరుసటి సంవత్సరము ఈ సంగతిని లండనులో పుస్తకముగా ప్రకటించెను. తరువాత ఇంగ్లండులో ఎందరో బీదపిల్లలు ఇసుకపళ్లెములలో, పెద్ద పిల్లల యొద్దనే అక్షరములు నేర్చుకొనిరి.

క్యాంబెల్ కూడ ఈ పద్ధతిని మెచ్చుకొనెను. అయినను ఆయన జవాబులో రెండు లోపములు కనబడుచున్నవి. జిల్లా జనసంఖ్య 9,27,857, బడులు 533, పిల్లలు 6,641 మంది మాత్రమే. అనగా వేయిమందికి సుమారు ఏడుగురు. ఆడపిల్లలు జిల్లా అంతటికి 60 మంది. బీదరికమువలన అనేక గ్రామములలో బడులు లేకుండ పోయెనని ఆయన వ్రాసెను. మనలో ననేకుల పూర్వికులకు ఆ అరుగు ఎక్కు భాగ్యమే లేకపోయెను. ఇది మొదటి లోపము. రెండవది యేమనగా, పిల్లలు పద్యములను ధారాళముగా అప్పజెప్పుదురు గాని, వాటి అర్థము చిలుకకు తెలిసినంతయే.

మొదటి లోపమును తీర్చుటకు 2009 నాటి విద్యాహక్కు చట్టము వచ్చినది. 2010 ఏప్రిల్ 1 నుండి, 6 మొదలు 14 ఏండ్లలోపు ప్రతి బిడ్డకు ఉచితముగా చదువు చెప్పించుట ప్రభుత్వపు విధియైనది. రెండవ లోపము సంగతి యేమి? మూడవ తరగతి ముగియులోగా ప్రతి బిడ్డ అర్థము గ్రహించి చదువవలెనని కేంద్ర ప్రభుత్వము 2021లో నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ఆరంభించెను. క్యాంబెల్ చూపిన కొరత దాదాపు రెండు వందల ఏండ్ల తరువాత కూడ తీరలేదని దీనివలన తెలియుచున్నది.

తల్లులారా, తండ్రులారా, ఇందులో మీ పాలు కలదు. మీకు చదువు రాకపోయినను ఫరవాలేదు. సాయంకాలము దీపము పెట్టిన తరువాత బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఆ దినము చదివిన పాఠమును చదివించుడి. పిమ్మట పుస్తకము మూయించి, “ఇందులో ఏమున్నదో నీ మాటలతో చెప్పు” అని అడుగుడి. బిడ్డ తడబడినయెడల కోపపడక, రెండవసారి చదివించుడి. పెద్ద బిడ్డ యున్నయెడల చిన్నవానికి వాని చేతనే చెప్పించుడి. మన పూర్వికులకు అందని అక్షరము నేడు మన బిడ్డల చేతికి వచ్చినది. దాని అర్థము కూడ వారికి అందునట్లు చూచుకొనుడి.