పెరటిలో పుట్టిన బండి

ముందు ఇద్దరు కూర్చుండుటకు చాలినంత గదియు, వెనుక పైకప్పు లేని తొట్టియు గల చిన్న మోటారు బండిని మనము ప్రతిదినము చూచుచునే యున్నాము. తెల్లవారుజామున కూరగాయల గంపలను సంతకు చేర్చునది అదియే. పెండ్లివారింటి ముందు గుండిగలను, కుర్చీలను దింపునది అదియే. పికప్ అని దానికి పేరు. ఇంత ఉపయోగకరమైన వాహనమును ఏ గొప్ప కర్మాగారములోనో ఇంజనీర్లు కూర్చుండి, పటములు గీచి, సృష్టించియుందురని తోచుట సహజము. చరిత్ర పుటలు తిరుగవేసినచో మాత్రము అది మనలను కర్మాగారమునకు గాక, రైతు పెరటిలోని కొట్టమునకు తీసికొనిపోవును.

మోటారు బండిని ఇంటివద్దనే చేసికొనుటలో హెన్రీ ఫోర్డు మార్గదర్శకులలో ఒకరు. డెట్రాయిట్ నగరమున బాగ్లీ వీథిలోని అద్దె యింటి వెనుకనున్న ఇటుకల కొట్టములో, ఉద్యోగపు వేళలు ముగిసిన పిమ్మట రాత్రులు మేలుకొని, 1896 జూన్ నాటికి ఆయన తన మొదటి బండిని పూర్తి చేసెను. నాలుగు సైకిలు చక్రములు, రెండు సిలిండర్ల ఇంజను, రమారమి 500 పౌనుల బరువు. అంతయు సిద్ధమైన తరువాత తెలిసినదేమనగా, బండి ద్వారముకంటె వెడల్పుగ నున్నది! ఫోర్డు గొడ్డలి తీసికొని గోడను పగులగొట్టి బండిని వీథిలోనికి దింపెను. ఇంటిలో బండి చేయబూనిన వారందరికిని ఈ వృత్తాంతము మొదటి పాఠముగ చెప్పదగినది.

పండ్రెండేండ్ల తరువాత, 1908వ సంవత్సరమున, ఆయన సంస్థ మోడల్ టి అను కారును వెలువరించినది. ఇంజను బలము 20 అశ్వశక్తి. 1927 వరకు అట్టి కార్లు ఒక కోటి యేబది లక్షలకు పైగా తయారైనవి. అమెరికా రైతు దానిని కొనెనే కాని, కేవలము ప్రయాణసాధనముగ చూడలేదు. వెనుక చక్రమును నేలనుండి పైకెత్తి, దానికి పట్టీ తగిలించి, కట్టెలు కోసెను, నీరు తోడెను, గింజలు దంచెను. ఆ పట్టీతోనే ఇల్లాండ్రు బట్టలుతుకు యంత్రమును తిప్పుకొనిరి. సంతకు సరకు చేర్చవలసి వచ్చినపుడు కారు వెనుకభాగమును ఊడదీసి, ఆ చోట చెక్కపెట్టె బిగించిరి. ఇది చూచి కొందరు వ్యాపారులు మార్పునకు కావలసిన సామగ్రిని ముందే సిద్ధపరచి అమ్మసాగిరి. చికాగోలో తయారైన 'స్మిత్ ఫారం-ఎ-ట్రక్' అట్టిది. అందులో పొడవైన ఇనుప చట్రము, బరువైన చక్రములు వచ్చెడివి. కారు వెనుక ఇరుసునకు పండ్లచక్రములు తగిలించి, గొలుసుల ద్వారా ఆ కొత్త చక్రములను త్రిప్పెడివారు. కారు చూచుచుండగా లారీ అయ్యెడిది.

ఫోర్డు సంస్థ 1917లో ఒక టన్ను బరువు మోయగల మోడల్ టిటి చాసీసును విడుదల చేసెను. కారు ముఖమునకు తొట్టిని తానే అమర్చి, పికప్ అను పేరుతో అమ్ముటకు 1925 ఏప్రిల్ 15వ తేది రావలసివచ్చినది. ధర 281 డాలర్లు. తొట్టి పొడవు 56 అంగుళములు. మోడల్ టి పుట్టినప్పటినుండి లెక్కించినచో పదునారేండ్లు గడచినవి. రైతు చేసినదానిని కర్మాగారము ఇంత ఆలస్యముగ నేర్చుకొనెననుటలో కొంత అతిశయోక్తి యున్న ఉండవచ్చును; సరకులు మోయు బండ్లను ఆ సంస్థ అంతకు ముందును చేసియుండెను. అయినను దారి చూపినది రైతే యనుటకు మాకు సంకోచము లేదు.

అమెరికాలో ఇట్లు పెరటిపని కర్మాగారమునకు తరలిపోయినది. పెరటిపని పెరటిలోనే నిలిచి, చట్టములో సహితము చోటు సంపాదించుకొన్న దేశము మరొకటి కలదు. అది ఐరోపా ఉత్తరభాగముననున్న స్వీడన్. మేము ముఖ్యముగ చెప్పదలచినది ఆ దేశపు కథయే.

స్వీడన్ ఉత్తర దక్షిణములుగ సుమారు 1,570 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన దేశము. అడవులెక్కువ, ఊళ్లు దూరదూరము. 1930 ప్రాంతమున అచటి చిన్నరైతు గుఱ్ఱముతో దున్నుచుండెను. ట్రాక్టరు అతనికి అందని పండు. కాని అమెరికానుండి వచ్చిన ఫోర్డు, షెవ్రొలే కార్లు అప్పటికే పాతబడి, చవుకగ దొరకుచుండెను. గ్రామపు కమ్మరి సహాయముతో రైతు ఆ కారును కోసి, చట్రమును పొట్టి చేసి, వెనుక పెద్దచక్రములు తగిలించి, దానినే ట్రాక్టరుగ మార్చుకొనెను. అంతలో ప్రపంచయుద్ధము వచ్చినది. స్వీడన్ యుద్ధమున పాల్గొనలేదు. కాని 1940 ఏప్రిల్‌లో జర్మనీ సేనలు ఇరుగుపొరుగు దేశములైన డెన్మార్కును, నార్వేను ఆక్రమించుటతో పడమటి సముద్రపు మార్గము మూసికొనిపోయినది. పెట్రోలు కరవైనది. కట్టెలను, బొగ్గును సగము మండించి, ఆ వాయువుతో ఇంజను నడపు పొయ్యిలను అచట వేలకొలది మోటార్లకు తగిలించిరి. ఈ మాట మన పెద్దలకు వింత కాదు. ఆ యుద్ధకాలముననే మన మార్గములందును బస్సుల వెనుక బొగ్గు పొయ్యిలు వ్రేలాడినవి. ఎత్తు ఎక్కలేక ఆగిన బస్సును ప్రయాణికులు దిగి త్రోసిన కథలు ఎన్ని యిండ్లలో చెప్పుకొనలేదు!

తిండిగింజలు పండవలెను, ట్రాక్టర్లు లేవు. అట్టి స్థితిలో స్వీడన్ ప్రభుత్వము రైతు చేసికొన్న బండిని చూచి ముఖము త్రిప్పుకొనలేదు. కారునుండి చేసిన ట్రాక్టరునకు 1940లో నియమములు కల్పించి, రోడ్డుమీద నడచుటకు సమ్మతించినది. వేగము హెచ్చుగ నుండరాదు, సరకు మోయు తొట్టి యుండవలెను అనునవి తరువాతి కాలమునను ఈ జాతి బండ్లకు ముఖ్యలక్షణములుగ నిలిచినవి.

కారు ట్రాక్టరగుట ఎట్లు? ఇందులోని కీలకము గేరు పెట్టె. కారు ఇంజను వేగముగ తిరుగునే కాని, నాగలిని లాగు పట్టు దానికి చాలదు. వేగమును తగ్గించిన కొలది పట్టు పెరుగును.  రైతులు కారులోని గేరు పెట్టె వెనుక, మరియొక పాత కారునుండి తీసిన రెండవ గేరు పెట్టెను బిగించిరి. మొదటి పెట్టెలో ఇంజను మూడు చుట్లు తిరిగినపుడు బయటి కడ్డీ ఒక చుట్టు తిరుగుననుకొందము. ఆ కడ్డీ రెండవ పెట్టెలో ప్రవేశించి, అచటను మూడింటికి ఒకటి చొప్పున తగ్గినచో, ఇంజను తొమ్మిది చుట్లకు చక్రపు కడ్డీకి ఒక చుట్టు. వేగము తొమ్మిదవ వంతు, రాపిడిలో పోవునది పోగా పట్టు ఇంచుమించు తొమ్మిదింతలు. పట్టణములో షికారు తిరిగిన కారు గుఱ్ఱమువలె దుక్కి దున్నినది. చట్రము పొట్టియైనది గనుక వెనుకకు పోవు కడ్డీని కూడ కోసి, అతికించి, వంకర లేకుండ సరిచూడవలెను. లేనిచో బండి వణకును. వెనుక కమానులకు అదనపు పట్టెలు వేయవలెను. ఈ పనులన్నియు చేసినది ఇంజనీర్లు కారు. వేసవిలో దున్ని, శీతకాలమున మంచు కురియుచుండగా కొట్టములో దీపము వెలిగించుకొని కూర్చున్న రైతులు.

ఈ బండ్లకు ఇ.పి.ఎ. ట్రాక్టర్లు అని పేరు వచ్చుట వెనుక ఒక చమత్కారము కలదు. 1930లో స్వీడన్‌లో ఆ పేరుతో ఒక అంగళ్ల సంస్థ వెలసినది. కొద్దిపాటి నియత ధరలకే వస్తువులమ్ముట దాని పద్ధతి. ఒకప్పటి మన తిరునాళ్లలో 'ఏది తీసికొన్నను అణా' అని కేకవేసిన అంగళ్ల వంటిది. చవుకబారు వస్తువునెల్ల జనులు ఆ అంగడి పేరుతో ఎగతాళి చేయసాగిరి. అసలు ట్రాక్టరు కొనలేనివాని బండికిని ఆ పేరే అంటుకొన్నది. ఎగతాళి మాట బిరుదమై నిలిచినది.

యుద్ధము ముగిసినది. 1946 నుండి ఇంగ్లండు దేశపు కొవెంట్రీ నగరమున తయారైన బూడిదరంగు ఫెర్గూసన్ ట్రాక్టరు స్వీడన్ పొలములలో ప్రవేశించినది. బూడిదవన్నె గుఱ్ఱమునకు పెట్టు 'గ్రోలె' అను ముద్దుపేరును రైతులు దానికి పెట్టుకొనిరి. నిజమైన ట్రాక్టరు అందుబాటులోనికి వచ్చిన పిదప ఇంటి ట్రాక్టరుతో పనియేమి? అది కొట్టపు మూలను చేరినది.

కథ అచటితో ముగిసియుండవలసినది. కాని ఆ మూలనున్న బండిని రైతు కొడుకు చూచినాడు. స్వీడన్‌లో కారు నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండవలెను. ట్రాక్టరునకు అంత వయస్సు అక్కరలేదు. చట్టము దృష్టిలో ఈ బండి ట్రాక్టరు! పాఠశాల ముప్పది కిలోమీటర్ల దూరమున, బస్సు దినమునకు రెండు సార్లు వచ్చు పల్లెలో పెరిగిన బాలునకు ఇది యెంత గొప్ప సంగతియో పట్టణవాసులు ఊహింపజాలరు. తండ్రి నాగలి లాగుటకు చేసినదానిని కొడుకు స్నేహితులను కలిసికొనుటకు చేసికొనెను. వోల్వో డ్యూయెట్ అను బండి అతనికి మిక్కిలి ప్రియమైనది. 1953 నుండి 1969 వరకు తయారైన ఆ బండికి ఒడలు వేరు, చట్రము వేరు. పైకప్పును వెనుక కోసివేసినను చట్రము చెక్కు చెదరదు. ముందు సీటు వెనుక రేకు గోడ నిలిపి, కిటికీ అమర్చి, చెక్క తొట్టి బిగించినచో పికప్ సిద్ధము.

పట్టు కొరకు తండ్రి బిగించిన రెండవ గేరు పెట్టెకును కొత్త ప్రయోజనము దొరకినది. తనిఖీవారి యెదుట రెండు పెట్టెలును నెమ్మదిగ తిరుగును; ఊరు దాటిన పిమ్మట ఒక పెట్టెను నేరుగేరులో పెట్టినచో బండి కారువలె పరుగెత్తును. నేర్పునకు మెచ్చుకొనవలెనో, తుంటరితనమునకు మందలింపవలెనో తెలియని స్థితి. ప్రభుత్వము 1963లో 'ఎ-ట్రాక్టరు' అను మరింత కట్టుదిట్టమైన తరగతిని కల్పించెను. గంటకు 30 కిలోమీటర్లకు మించి పోవని నిర్మాణము, లాగుటకు కొక్కెము, నెమ్మదిగ పోవు బండియని తెలుపు ఎఱ్ఱని త్రికోణము దానికి విధులు. పాత తరగతిలో కొత్త బండ్లు చేరుట 1975లో ఆగిపోయినది. ఎ-ట్రాక్టరు మాత్రము నిలిచినది.

మన దేశపు పద్ధతి దీనికి భిన్నము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు విరుద్ధమగునట్లు యజమాని తన బండిని మార్చుకొనరాదు. కిక్కిరిసిన మన రోడ్లను తలచినచో ఆ కట్టడి అవసరమే యనిపించును. కాని కొట్టములో కారు కోసి నేర్చుకొను పదునైదేండ్ల బాలుని విద్యకు మన చట్టమున తావు లేదన్నదియు నిజమే.

ఆ విద్యకు స్వీడన్ చెల్లించుచున్న మూల్యమును గూడ చెప్పక తప్పదు. వేగమును గేర్లతోనే గాక ఎలక్ట్రానిక్ సాధనములతోను కట్టడి చేయవచ్చునని 2020 జూలైలో నియమము మారినది. దానితో కొత్త కార్లను గూడ సులభముగ మార్చుటకు వీలైనది. మూడేండ్లలో ఈ బండ్ల సంఖ్య రెట్టింపునకు మించినది. వెనుక సీట్లు తీసివేయుట విధి. కాని స్నేహితులు నలుగురైదుగురు. తొట్టిలో ఎక్కిరి. బండి తిరుగబడినపుడు తొట్టిలోనివారికి ఆధారమేమున్నది? గాయపడినవారును, ప్రాణములు కోల్పోయినవారును బాలబాలికలే. 2023 ఆగస్టు 1 నుండి ప్రతివారును సీటులోనే కూర్చుండి బెల్టు పెట్టుకొనవలెనని శాసించిరి. ఎ-ట్రాక్టరునే నిషేధింపవలెనని కోరినవారును కలరు. నిషేధింపక, బెల్టు తగిలించుట మేలైన మార్గమని మా అభిప్రాయము. ఉత్తరపు పల్లెలలో ఆ బాలురకు ప్రత్యామ్నాయము వేగముగ పోవు మోపెడ్డో, ఇంటిలో ఒంటరితనమో గదా! ఐనను పదునైదేండ్ల బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట ఈ వాదము చెప్పుటకు మాకు నోరు రాదు.

నేడు స్వీడన్‌లో ఇట్టి బండ్లను నడుపువారిలో బాలికలును అనేకులు. తొట్టి ఇప్పటికిని బండికి ఉన్నదే. శుక్రవారము సాయంకాలము పెట్రోలు బంకుల ముంగిట వారు కూడుకొన్నపుడు ఆ తొట్టిలోనికి తొంగిచూచినచో బంగాళదుంపల బస్తాలు కనబడవు. మనిషి నడుము ఎత్తు లౌడుస్పీకర్లు కనబడును.