తెర పక్కన కూర్చున్నవాళ్లు

1529లో విశ్వనాథ నాయకుడితో మదురైలో నాయకుల ఏలుబడి మొదలైంది. ఆ కాలంలో ఎందరో తెలుగువాళ్లు మదురై, కోయంబత్తూరు సీమల్లో స్థిరపడినారు. ఇంట్లో తెలుగు నిలిచింది, బడి చదువు తమిళమైంది.

అందుకని మన పేటల్లో పండగకి నాటకమాడితే వేషగాళ్లు తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. కథ అన్నా గద అన్నా రాత ఒకటే. భీముడు "నా కథ ఏదీ?" అని అరిస్తే సభంతా నవ్వుతుంది. అట్లా కాకుండా కాపాడేది తెర పక్కన కూర్చొని మాట అందించే పెద్దాయన. ఆయన పేరు నోటీసులో ఉండదు. తెర పట్టినవాళ్లవీ, రంగు పూసినవాళ్లవీ ఉండవు.

తంజావూరు దగ్గర మెలట్టూరులో వేంకటరామ శాస్త్రిగారి తెలుగు నాటకాలు నరసింహ జయంతికి ఇప్పటికీ ఆడుతున్నారు. తరతరాలుగా పాఠం చెప్పి పలుకు దిద్దినవాళ్లు ఉండబట్టే అవి నిలిచినాయి.

చీర మీద బుటా అందరూ చూస్తారు. కండెలు చుట్టినవాళ్లను, అచ్చు అతికినవాళ్లను ఎవరు చూస్తారు? నాటకమూ అంతే.

మాట అందించే పెద్దలు ఇప్పుడు కొద్దిమందే మిగిలినారు. వాళ్ల గొంతు సెల్‌ఫోనులో పట్టి దాచుకుందాం. పిల్లలకు అక్షరాలు నేర్పిద్దాం. ఈసారి నోటీసులో ముందు వాళ్ల పేర్లే వేద్దాం.