సుభద్ర కునుకు

అభిమన్యుడి కథలో నాకు మొదట్నించీ గుచ్చుకునేది సుభద్ర కునుకు. అర్జునుడు పద్మవ్యూహం గురించి చెప్తున్నాడు. కొందరి కథలో చెప్పేది కృష్ణుడు. కడుపులో బిడ్డ ఊ కొడుతున్నాడు. లోపలికి వెళ్ళే దారి చెప్పడం అయింది, బయటికొచ్చే దారి ఇంకా మిగిలుంది. ఈలోగా తల్లికి కన్నంటుకుంది. అంతే, కురుక్షేత్రంలో కుర్రాడి ప్రాణం పోయింది. తమాషా ఏమిటంటే వ్యాస భారతంలో ఈ ముచ్చట లేదు. వ్యూహం ఛేదించడం మా నాన్న నేర్పాడు, ఆపద వస్తే బయటపడడం నాకు రాదు అని మాత్రమే అంటాడక్కడ అభిమన్యుడు. చదువు సగంలో ఆపిన తండ్రికి తగలాల్సిన మాట, జనం నోట్లో నాని నాని, నిండు చూలాలి నిద్ర మీద వచ్చి వాలింది.

ఈ కాలపు సుభద్రలకి అదే మాట వాట్సాప్‌లో వస్తోంది. ‘స్ట్రెస్ తీసుకోకు, బిడ్డకి తగులుతుంది.’ ‘ఏడవకు.’ ‘మంచి పాటలు విను.’ వీటికి తోడు ఇప్పుడు కార్టిసాల్, ఎపిజెనెటిక్స్ లాంటి బరువైన మాటలు కూడా చేరాయి. సైన్స్ అబద్ధమని నేననడం లేదు. కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన తొలి ఏళ్ళలో పడ్డ కష్టం పిల్లల ఒంట్లో నిలిచిపోతుందనే మాటకి బోలెడు ఆధారాలున్నాయి. అయితే ఆ ఆధారాలు ఎక్కడ పుట్టాయో వెతుక్కుంటూ వెళ్తే కనబడేది తల్లి కునుకు కాదు. ఒక రైల్వే సమ్మె, ఒక సైన్యం, గడ్డకట్టిన కాలవలు.

1944 సెప్టెంబర్. దక్షిణం నుంచి మిత్రరాజ్యాల సేనలు నెదర్లాండ్స్‌లోకి వస్తున్నాయి. ఆర్న్‌హెమ్ దగ్గర రైన్ నది వంతెన పట్టుకుంటే యుద్ధం త్వరగా ముగిసిపోతుందని ఆశ. వాళ్ళకి సాయంగా రైళ్ళు ఆపేయమని లండన్‌లో తలదాచుకున్న డచ్ ప్రభుత్వం సెప్టెంబర్ 17న రేడియోలో పిలుపిచ్చింది. దాదాపు 30,000 మంది రైల్వే కార్మికులు పని మానేశారు. వంతెన మాత్రం చేతికి రాలేదు. ఆక్రమించుకుని కూర్చున్న జర్మన్లు సమ్మెకి శిక్షగా దేశం పడమటి భాగానికి తిండి రవాణా ఆపేశారు. ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్, ది హేగ్, లైడెన్ ఊళ్ళన్నీ అటే ఉన్నాయి. నవంబర్ మొదట్లో పడవల మీద కొంత తెచ్చుకోనిచ్చారు గానీ, ఆ ఏడు చలి ముదిరి కాలవలే గడ్డకట్టుకుపోయాయి.

నవంబర్ చివరికి ఆ ఊళ్ళలో మనిషికి రోజువారీ రేషన్ 1,000 క్యాలరీల కిందికి పడింది. ఫిబ్రవరి నెలాఖరుకి కొన్నిచోట్ల 580. జనం చక్కెర దుంపలు, తులిప్ గడ్డలు ఉడకబెట్టుకు తిన్నారు. బొగ్గు లేదు, కరెంటు లేదు. 20,000 మందికి పైగా చనిపోయారు. (ఆర్న్‌హెమ్ పక్కనున్న వెల్ప్ అనే ఊళ్ళో ఆ ఆకలి చవిచూసిన పదిహేనేళ్ళ పిల్ల ఒకతె ఉంది. తర్వాత లోకానికి ఆమె ఆడ్రీ హెప్‌బర్న్.) ఏడాది నిండని పసివాళ్ళ రేషన్‌ని మాత్రం ఎలాగో కాపాడుకుంటూ వచ్చారు. గర్భిణులకీ, బాలింతలకీ అదనపు రేషన్ ఉండేది. కరువు ముదిరిన నెలల్లో అది కూడా ఇవ్వలేకపోయారు. 1945 ఏప్రిల్ 29 నుంచి మిత్రరాజ్యాల విమానాలు బాంబుల బదులు ఆహారం మూటలు విసిరాయి. మే 5న విముక్తి. జూన్‌కల్లా రేషన్ 2,000 క్యాలరీలు దాటింది.

ఇంతకన్నా పెద్ద కరువులు మన దగ్గరే వచ్చాయి. అంతకు ఏడాది ముందే బెంగాల్లో లక్షలాది మంది పోయారు. మరి సైన్స్ పుస్తకాల్లో డచ్చి వాళ్ళ ఆకలికే ఎందుకంత చోటు? ఆకలి తక్కువో ఎక్కువో అని కాదు, కాగితాలున్నాయి గనక. కరువు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో దాదాపు రోజులతో సహా తెలుసు. ఏ వారం ఎవరికెంత రేషన్ ఇచ్చారో రాసి ఉంది. కానుపుల రికార్డులు భద్రంగా ఉన్నాయి. ఆ పిల్లల్లో మగవాళ్ళు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళకి సైనిక పరీక్షలకి వచ్చినప్పుడు వాళ్ళ ఎత్తు, బరువు, తెలివితేటలు మళ్ళీ కొలిచి రాసుకున్నారు. పేదల ఆకలికి ఇలాంటి లెక్కలు రాసేవాళ్ళుండరు.

ఈ కాగితాల విలువ పసిగట్టినవాళ్ళలో జీనా స్టీన్, మెర్విన్ సస్సర్ దంపతులు ముఖ్యులు. ఇద్దరూ దక్షిణాఫ్రికా డాక్టర్లు. జోహనెస్‌బర్గ్‌లో నల్లవాళ్ళ బస్తీ అలెగ్జాండ్రాలో వైద్యం చేసి, వర్ణవివక్ష రాజ్యంతో పడక 1950ల్లో దేశం వదిలారు. చివరికి న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి చేరారు. పేదింటి పిల్లలు చదువులో వెనకబడడానికి తల్లి కడుపులో పడ్డ ఆకలే కారణమా అన్నది అప్పట్లో గట్టి చర్చ. వాళ్ళు 1,25,000 మంది డచ్ యువకుల రికార్డులు తిరగేసి 1972లో జవాబు చెప్పారు. పుట్టినప్పుడు బరువు తగ్గిన మాట నిజమే, పంతొమ్మిదేళ్ళకి తెలివితేటల్లో మాత్రం కరువు జాడ లేదు. ఇలాంటి ఫలితం వస్తే చాలామంది నిరాశపడతారు. వాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

ఆకలి జాడ వేరేచోట బయటపడింది. 1976లో అచ్చయిన మరో పరిశోధన 3,00,000 మంది యువకుల్ని చూసింది. నెల తప్పిన తొలి సగంలో తల్లి ఆకలిని ఎదుర్కొన్నవాళ్ళలో ఊబకాయం ఎక్కువ, నెలలు నిండే రోజుల్లో ఎదుర్కొన్నవాళ్ళలో తక్కువ. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లోని విల్‌హెల్మినా ఆసుపత్రిలో పుట్టిన 2,414 మంది రికార్డులు పట్టుకుని వాళ్ళని నడివయసులో వెతికారు. చివరి నెలల్లో ఆకలి తగిలిన పిల్లలు తక్కువ బరువుతో పుట్టారు. తొలి నెలల్లో తగిలినవాళ్ళు మామూలు బరువుతోనే, ఏ లోటూ లేనట్టే పుట్టారు. కానీ యాభైకి చేరేసరికి గుండెజబ్బులు ఎక్కువగా కనిపించింది వాళ్ళలోనే. తూకం మీద బాగున్న బిడ్డ బాగున్నట్టేనా అన్న సందేహం అక్కడ మొదలైంది. 2008లో, కరువులో కడుపునపడ్డ 60 మందిని వాళ్ళ తోబుట్టువులతో పోల్చి చూస్తే, ఎదుగుదలకి సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువు మీద ఉండే రసాయన గుర్తులు వీళ్ళలో కాస్త తక్కువున్నాయి. ఆరు దశాబ్దాల తర్వాత కూడా! అయితే ఆ తేడా వల్లే జబ్బులొచ్చాయని ఆ లెక్క చెప్పదు. వాట్సాప్ చెప్తుంది.

ఒక చిక్కు ఉంది. ఆ చలికాలంలో డచ్ తల్లి ఒక్క ఆకలే పడలేదు. చలి, బాంబులు, భర్తని జర్మన్లు పనికి పట్టుకుపోతారేమోనన్న భయం, అన్నీ పడింది. ఇందులో తిండి లేకపోవడం ఎంత, దిగులు ఎంత? విడదీయడం ఎవరి తరమూ కాదు. తిండికి కొదవలేని చోట కష్టం వస్తే ఏమవుతుందో చూడాలంటే కెనడా వెళ్ళాలి.

1998 జనవరిలో క్యూబెక్‌లో రోజుల తరబడి మంచువాన కురిసి, కరెంటు టవర్లు వంగి కూలిపోయాయి. లక్షల ఇళ్ళు చీకట్లో ఉన్నాయి, కొన్ని నెలకి పైగా. మెక్‌గిల్ యూనివర్సిటీకి చెందిన సుజాన్ కింగ్ బృందం అప్పటి గర్భిణుల్ని రెండు రకాలుగా అడిగింది. ఎన్ని రోజులు కరెంటు లేదు, ఇల్లు వదిలి వెళ్ళాల్సొచ్చిందా అన్నవి ఒక రకం. మీకెంత దిగులేసింది అన్నది రెండోది. కష్టం ఎక్కువ పడ్డ తల్లుల పిల్లలు చిన్నప్పుడు మాటల్లో, తెలివి పరీక్షల్లో కాస్త వెనకబడ్డారు. పదమూడేళ్ళ వయసులో కొద్దిమంది పిల్లల రక్తం తీసి జన్యువుల మీది గుర్తులు చూస్తే, అవి తల్లి ఎన్ని రోజులు కరెంటు లేకుండా గడిపిందన్న లెక్కతో కలిశాయి. ఎంత దిగులు పడిందన్న లెక్కతో కలవలేదు. మనసుకి ఏ పాత్రా లేదని కాదు, అదే ప్రాజెక్టులో వేరే కొలతల దగ్గర దిగులు కూడా కనబడింది. కానీ ‘దిగులుపడకమ్మా’ అని సలహా ఇచ్చేవాళ్ళు ఒక్కసారైనా చదవాల్సిన లెక్క ఇది. ఆమె ధైర్యంగా ఉన్నా లేకపోయినా కరెంటు రాదు కదా.

మన దగ్గర ఇలాంటి కాగితాలు బొత్తిగా లేవా అంటే, హైదరాబాద్ పొలిమేరలో ఉన్నాయి. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ రంగారెడ్డి జిల్లాలో 29 పల్లెల్ని గమనించింది. వాటిలో 15 ఊళ్ళకి అంగన్‌వాడీ పథకం అప్పటికే వచ్చింది, 14 ఊళ్ళు వంతు కోసం ఎదురుచూస్తున్నాయి. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకీ, బాలింతలకీ, ఆరేళ్ళలోపు పిల్లలకీ రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా. గర్భిణి వాటా సుమారు 500 క్యాలరీలు. అప్పుడు పుట్టిన పిల్లల్ని పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో మళ్ళీ వెతికి కొలిచారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మాట వినని గుణం తక్కువగా ఉంది. రక్తపోటులో తేడా లేదు. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

14 మిల్లీమీటర్లంటే చిటికెన వేలి వెడల్పు. ఆ తల్లుల్ని ఎవరూ ప్రశాంతంగా ఉండమని చెప్పినట్టు ఆ లెక్కల్లో లేదు. వాళ్ళ మొగుళ్ళు మారలేదు, కూలి రేట్లు మారలేదు. ఒక పళ్ళెం ఉప్మా మారింది, అంతే.

పళ్ళెం ఇంటికి పట్టుకెళ్తే దాని సంగతి వేరు. ఇచ్చిన గుడ్లు, పప్పు ఇంట్లో అందరికీ పంచి, మిగిలితే తను తింటుంది మన ఇల్లాలు. అందుకే తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణి అంగన్‌వాడీకి వచ్చి, అన్నం, పప్పు, గుడ్డు, పాలు అక్కడే కూర్చుని తినాలని రూలు పెట్టారు. వచ్చిపోయే దారి, మానుకున్న కూలి, ఇంట్లో అత్తగారి అనుమతి, ఇవన్నీ ఆ రూలుకి అవతల ఉన్నాయి. మధ్యాహ్నం పూట తినేసి, కాసేపు అక్కడే చాప మీద ఒరిగితే ఎవరూ ఏమీ అనకూడదన్న రూలు మాత్రం ఇంకా ఎవరూ రాసినట్టు లేరు.