ఒక్క నీటిలో పలుజాతుల చేపలు



కొరమీనును బొచ్చెపిల్లలతో నొకే కుండలో నుంచిన తెల్లవారుసరికి మిగులున దేదియో గోదావరి లంకలలోని పసివానికిని దెలియును. ఏ చేపతో నేది పొసగునను విచారము మాత్రము చిన్నది కాదు. చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందే చేపల జాతులును, వాని యాహారములును వర్ణింపబడినవి.

పూర్వము చేపపిల్లలకు వరదనీరే యాధారము. నదిలో పట్టిన పిల్లలలో మంచివానితో వాలుగవంటి దొంగలును గలిసి వచ్చుచుండెడివి. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌నందు హీరాలాల్ చౌధురిగారు పిట్యూటరీ గ్రంథి రసమును సూదితో నెక్కించి, నదిలో దప్ప గ్రుడ్లు పెట్టని చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి కోరిన జాతిపిల్లలే విడిగా లభింపసాగెను. 1959లో గడ్డిచేప హాంకాంగు నుండియు, వెండిచేప జపాను నుండియు మనదేశమునకు వచ్చినవి. 1971లో నారు జాతులను గలిపి పెంచు పథకము దేశమంతట నారంభమయ్యెను.

అందలి యుక్తి యిది: బొచ్చె పైనీటిలో మేయును, శీలావతి నడుమ మేయును, ఎర్రమోసు అడుగున మేయును. ఒకదాని కంచము నింకొకటి ముట్టదు. ముందుగా ఎకరమునకు సుమారు పది క్వింటాళ్ల ఇప్పపిండి చల్లి, దాగియున్న వాలుగలను, కొరమీనులను దొలగింతురు. కాని కొల్లేటి ప్రాంతపు రైతులు కొన్నియేండ్లకే పరదేశపు జాతులను విడిచి, శీలావతిని మిక్కుటముగను, బొచ్చెను గొంచెముగను పెంచసాగిరి. శాస్త్రజ్ఞుల లెక్క యొకటి, కలకత్తా బజారు లెక్క వేరొకటి! రైతు రెండవదానినే వినెను. అది తప్పని నేననజాలను.

ఇక రూప్‌చందు సంగతి. చందువను బోలియుండుటచే నీ పేరు గలిగెను. దక్షిణ అమెరికా నదులలో పుట్టిన యీ చేప 2003, 2004 ప్రాంతమున బంగ్లాదేశము మీదుగా వంగదేశమునకు, అటుపై మన చెరువులకు వచ్చినది. శీలావతి, బొచ్చెలతో గలిపియే దీనిని పెంచుచున్నారు. ఇది పిరానాకు జ్ఞాతి. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు 1914లో ప్రకటించిన యాత్రాగ్రంథమువలన పిరానా పేరు లోకమునకు భయంకరమయ్యెను. అందు సత్యమెంతయో, అతిశయోక్తి యెంతయో!

పిరానాలలోనే భేదములు గలవు. ఎఱ్ఱపొట్టది గుంపుగా నుండును. అది మందబలముకంటె పిరికితనముచేతనే గుంపుగూడునని పరిశోధకులందురు. మరికొన్ని యొంటరులు, ఇతరుల రెక్కలను, పొలుసులను గొరికి తినును. వేడుకకై గాజుతొట్టిలో నీ రెండు తెగలను గలిపి పెంచువారు తొలుత తోకలను, పిదప చేపలనే కోల్పోవుట కలదు. అమెజానునందు పారిపోవుటకు చోటుండును. తొట్టిలో నది లేదు.

రూప్‌చందు పండ్లు వేరు. అడవినుండి వరదనీట రాలు కాయలను, గింజలను నమలుటకై మనుష్యుని దంతములవలె చదునుగా నుండును. పిరానా పండ్లు ముక్కోణపు కత్తులు. కాలువలో పిరానా పడినదను వార్త పుట్టినపుడు నోరు దెఱచి చూచిన సందేహము తీరును.

అట్లని నిర్భయముగ నుండరాదు. 1986 ఆగస్టు వరదలో గోదావరి గట్లు తెగినప్పుడు మన నీటిలో రూప్‌చందు లేదు. ఇప్పుడు చెరువుగట్టు తెగిన నీ పరదేశి కాలువలలో జొచ్చును. అది కొరకదు గాని, మన చేపల మేతను పంచుకొనును. కనుకనే వానలకు ముందు గట్టు నెత్తు చేయుటయు, తూములకు సన్నపు వల గట్టుటయు, వలలో బడిన వింతచేపను మరల కాలువలో విడువక మత్స్యశాఖవారికి జూపుటయు నవసరము.