కొలువు విడిచి పాట పట్టిన గరిమెళ్ళ

మన సంఘనిధి ఏటేట బీదవిద్యార్థులకు వేతనము లిచ్చుచున్నది. ఆ బాలురు కొలువులలో కుదురుకొనిన వార్త మన కెల్లరకు పండుగ. కుదిరిన కొలువును విడిచి వీధులలో పాడ బోయిన వానినిగూర్చి మన మేమందుము? ఇంటిపెద్దలు తల బాదుకొందురు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసుసంఘము ఈ బెజవాడయందే సమావేశమై, తిలకు స్వరాజ్యనిధికి కోటిరూపాయలు కూర్పవలెనని తీర్మానించిన సంగతి మనవారు గర్వముతో చెప్పుకొందురు. ఆ ఉద్యమకాలముననే కానియైన ఖర్చు లేక ఆంధ్రదేశ మెల్ల వ్యాపించినది గరిమెళ్ళ సత్యనారాయణగారి 'మాకొద్దీ తెల్లదొరతనము' అను పాట.

వారు 1893లో శ్రీకాకుళప్రాంతమున గోనెపాడను పల్లెలో బీదయింట జన్మించిరి. కన్నేపల్లి నరసింహముగారను వకీలు తోడ్పడగా బి.ఏ. చదివిరి. గంజాము కలెక్టరు కచేరీలో గుమాస్తాగిరి, పిదప విజయనగరమున ఉపాధ్యాయత్వము. ఆ జీతపురాళ్ళ విలువ బీదయింటివారికే తెలియును. సహాయనిరాకరణపు పిలుపు విని వారు దానిని వదలిరి.

ఆ పాట మాబోటి సంస్కృతపాఠకుల చెవికి మొదట మోటుగనే తోచును. కాని పంట యుండియు అన్నము లేమి, ఉప్పు ముట్టిన నేరమగుట మొదలగు బాధలను కూలివాడు సైతము పాడుకొనునట్లు చెప్పుట ఏ అలంకారశాస్త్రము నేర్పును? తెలుగు రాని కలెక్టరొకడు దానిని పాడించుకొని, భాష తెలియకున్నను దాని వేడి తెలిసినదనెనని చెప్పుకొందురు. 1922లో ఏడాది చెర. విడుదలై ఊరూర మరల పాడగా, మరల చెర.

కంచెర్ల గోపన్నయు చెరలో పాడెను. కాని తహసీలుదారుపదవిని తానై విడువలేదు, ఆ పదవియే ఆయనను చెరకు బంపెను. మన మొవ్వ క్షేత్రయ్యకు తంజావూరి విజయరాఘవనాయకుని ఆస్థానము దొరికెను. గరిమెళ్ళవారికి ఆస్థానమును లేదు, పింఛనును లేదు. చెన్నపట్టణమున పత్రికలలో పనిచేసి పొట్ట పోసికొని, స్వరాజ్యము వచ్చిన ఐదేండ్లకు, 1952 డిసెంబరు 18వ తేదీన, దారిద్ర్యములోనే కన్నుమూసిరి. వారి చదువునకు వకీలుగారు దొరికిరి. పాటకు ఎవ్వరును దొరకలేదు.

అట్టివారు పిమ్మటను లేకపోలేదు. గద్దరని పేరొందిన గుమ్మడి విఠలరావుగారు 1984లో కెనరాబ్యాంకు ఉద్యోగము వదలి పాటనే నమ్ముకొనిరి. వారి మతము మనలో కొందరికి రుచింపకపోవచ్చును, అది వేరుమాట.

మన నిధినిబంధనలలో పరీక్షల మార్కులకు తావున్నది గాని పాటకు లేదు. ఏటికొక పాటగానికైన వేతన మిచ్చుటకు వీలుగా ఆ నిబంధనను సవరించు విషయము ఈ మహాసభలో చర్చకు రావలెనని పోషకమహాశయులను ప్రార్థించుచున్నాను.