ఖరగ్‌పూర్ దారిలో బౌద్ధం

ఖరగ్‌పూర్ బెంగాల్-నాగపూర్ రైల్వే పెంచిన ఊరు. వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగువాళ్లు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డారు. వాళ్లు వదిలొచ్చిన నేలలో వంశధార ఒడ్డున శాలిహుండం, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి. చేరిన నేలా బౌద్ధం నడిచినదే. అయిదో శతాబ్దంలో చైనా యాత్రికుడు ఫాహియాన్ రెండేళ్లు తామ్రలిప్తిలో, అంటే నేటి తమ్‌లుక్‌లో ఉండి, సూత్రాలు రాసుకుని సింహళానికి ఓడెక్కాడు. దాంతన్ దగ్గరి మొఘల్‌మారి దిబ్బను 2003-04 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయం ఆచార్యుడు అశోక్ దత్తా తవ్వించగా, గచ్చుబొమ్మలు అతికిన ఇటుక గోడలతో ఓ విహారం బయటపడింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు సొంతూళ్లకు వెళ్లే మద్రాసు లైను దానికి చేరువగానే పోతుంది.

ఆ విహారాలు ఖాళీ అయ్యాక శతాబ్దాలు గడిచాయి. ఆ రైల్వే పేరులోనే ఉన్న నాగపూర్‌లో బౌద్ధం మళ్లీ జనంలోకి వచ్చింది. 2026 అక్టోబర్ 14కు ఆ ఘట్టానికి 70 ఏళ్లు.

హిందువుగా చావనని 1935లో యేవలాలో ప్రకటించిన అంబేద్కర్, 1956లో ఆ రోజు, ఆదివారం, నాగపూర్ మైదానంలో తెల్లబట్టలతో నిలబడ్డాడు. కుశీనగర్ నుంచి వచ్చిన వృద్ధ భిక్షువు చంద్రమణి ఆయన చేత, భార్య సవిత చేత త్రిశరణాలు, పంచశీల చెప్పించాడు. దంపతులు బుద్ధ విగ్రహానికి మొక్కి తెల్ల తామరలు సమర్పించారు. ఆ తర్వాతిదే అసలు విశేషం. దీక్ష కావాలనుకున్నవాళ్లు లేవాలని అంబేద్కర్ అడిగితే సభ మొత్తం లేచింది. లక్షల మందికి దీక్ష ఇచ్చింది భిక్షువు కాదు, అప్పుడే దీక్ష తీసుకున్న గృహస్థు. ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో పాత దేవుళ్లను పూజించనని, పిండం పెట్టనని, మనుషులంతా సమానమని, ఆ సమానత్వం కోసం పాటుపడతానని, దొంగతనం చేయనని, సారా తాగనని ఉంది. కులాన్ని కాదనడం, నీతిగా బతకడం ఆ ప్రమాణంలో వేర్వేరు పనులు కావు. దాని గొప్పతనం అక్కడే ఉంది.

తెలుగునాట దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ హైదరాబాద్‌లో అంతకు చాలా ముందే బుద్ధ జయంతి జరిపించాడు. కోస్తాలో మాత్రం దళితులు ఎందరో అప్పటికే క్రైస్తవం తీసుకున్నారు.

ఉద్యోగాల దగ్గర ఆ ప్రమాణానికి మూల్యం చెల్లించాల్సి వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా దాదాపుగా హిందువులకే; సిక్కు దళితులందరినీ 1956లో చేర్చారు, బౌద్ధులను చేర్చింది 1990లో. రైల్వే వంటి కేంద్ర కొలువుల్లో బౌద్ధుడినని రాయించుకున్న దళితుడికి అన్నేళ్లూ రిజర్వేషన్ లేదు. అన్యాయాన్ని వదిలినందుకు పడిన శిక్ష అది. దళిత క్రైస్తవులకు ఆ హోదా నేటికీ రాలేదు.

2011 జనగణనలో దేశంలోని 84 లక్షల బౌద్ధుల్లో 65 లక్షలు మహారాష్ట్రవాళ్లే. బెంగాల్‌లో సుమారు 2.8 లక్షలు, అందులో అత్యధికులు డార్జిలింగ్ జిల్లావాళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 36 వేల పైచిలుకు. అంబేద్కర్‌ను, బుద్ధుణ్ణి మనసా నమ్మినా కాగితంపై మతం మార్చుకోనివాళ్లు ఈ లెక్కలోకి రారు.